పేట అంగడి

తెలుగు నేలపై చాలా ఊళ్ళ పుట్టుక వాటి పేర్లలోనే తెలుస్తుంది. 'గామ' అనేది గ్రామ శబ్దానికి ప్రాకృత రూపం. పొలాన్ని నమ్ముకొని ఏర్పడిన పల్లెను అది సూచిస్తుంది. 'పేట' అంటే కోటనో, పాత ఊరినో ఆనుకొని వర్తకుల కోసం వెలసిన వాడ. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో ఈ రెండు తీరులకూ గుర్తుగా రెండు పట్టణాలు ఉన్నాయి. ఒకటి నందిగామ, రెండవది జగ్గయ్యపేట. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ రెండూ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినా, కృష్ణా మెట్ట సీమగా వాటికున్న గుర్తింపు నేటికీ మాసిపోలేదు.

జగ్గయ్యపేటకు పూర్వనామం బేతవోలు. 1783 నుండి 1816 వరకు జమీందారీని పాలించిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద దానిని జగ్గయ్యపేటగా తీర్చిదిద్దాడు. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న అమరావతిలోనూ ఆయన కొత్త పట్టణాన్ని నిర్మించి వర్తకులను రప్పించాడు. ఒక పాలకుడు తండ్రి పేరు నిలపడానికి గుడినో చెరువునో ఎంచుకోవడం ఆనాటి ఆచారం. వేంకటాద్రి నాయుడు ఒక పేటకే తండ్రి పేరు పెట్టాడు. పేట బ్రతకాలంటే అంగళ్ళు ఉండాలి. అంగళ్ళు నిలవాలంటే దారి ఉండాలి.

ఆ దారి ఈ సీమకు ఏనాటి నుండో ఉన్నది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవుకు, రాజధానికి నడుమ సాగిన వర్తకం ఈ మెట్ట నేల మీదుగానే నడిచేది. ఆ తరువాత అదే మార్గం హైదరాబాదు, విజయవాడ రహదారిగా స్థిరపడింది. ఒకనాటి 9వ నంబరు జాతీయ రహదారి నేడు 65వ నంబరుతో వ్యవహరింపబడుతున్నది. 1889లో బెజవాడకు నిజాం రైలు మార్గం వచ్చినప్పుడు అది మధిర, ఖమ్మం వైపుగా సాగిపోయింది. అందువల్ల నందిగామ, జగ్గయ్యపేటలు రైలు కూడళ్ళుగా కాక రహదారి పట్టణాలుగానే పెరిగాయి. పైగా 1948 వరకు జగ్గయ్యపేటకు పడమట నిజాం రాజ్యపు సరిహద్దు ఉండేది. 2014 నుండి అక్కడే తెలంగాణ రాష్ట్రపు సరిహద్దు ఏర్పడింది. సరిహద్దు ఉన్నచోట సరుకు ఆగుతుంది, బేరం పుడుతుంది, బజారు పెరుగుతుంది.

ఇటువంటి పట్టణాల్లో దేవాలయానికి స్థలపురాణం ఉంటుంది. కోటకు కైఫియతు ఉంటుంది. బజారులోని అంగడికి మాత్రం చరిత్ర వ్రాసేవారు ఉండరు. అయితే ఊరి జీవితంలో వచ్చిన ప్రతి మార్పునూ ముందుగా తన ఒంటి మీద వ్రాసుకున్న కట్టడం అంగడే. ఆ వ్రాతను చదవాలంటే తొలుత అది ఏ తీరున కట్టబడిందో తెలుసుకోవాలి.

ఆంధ్రదేశపు పాత బజారుల్లో అంగడి కట్టడానికి ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. బజారు వీధిలో అడుగు స్థలానికి కూడా విలువ ఎక్కువ కనుక ఒక్కొక్క వర్తకుడికి వీధి మీద కొద్దిపాటి ముఖం మాత్రమే దక్కేది. అందుచేత కట్టడం వెనుకకు సాగేది. ముందు అరుగు, దాని వెనుక అంగడి, ఆ పిమ్మట సరుకు నిలువచేసే కొట్టు, దానికి వెనుక గాలీ వెలుతురూ దిగే చిన్న పెరడు, చివర వంటిల్లు ఉండేవి. మేడ ఉన్నచోట కుటుంబం పైన, వ్యాపారం క్రింద. ఇరుగుపొరుగు అంగళ్ళకు నడుమ తరచుగా ఒకే గోడ ఉండేది. ఆ గోడ ఇద్దరిదీ. ఒకరి దూలం అటునుండి, మరొకరి దూలం ఇటునుండి దాని మీద ఆనేవి. బజారు అంటే విడివిడి ఇళ్ళ వరుస కాదు, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసి నిలుచున్న కట్టడాల వరుస.

ఈ కట్టడంలో మొదట చెప్పుకోదగినది అరుగు. వర్షాకాలపు నీరు లోపలికి రాకుండా అది అడ్డుకొనేది. బండి మీది బస్తాను నేలకు దించి మళ్ళీ ఎత్తే శ్రమ లేకుండా అరుగు ఎత్తు సహాయపడేది. పగలు అది బేరానికి వచ్చిన రైతుకు కూర్చునే చోటు. రాత్రి బాటసారికి పడక. అరుగు అంగడివాని సొత్తే అయినా దాని వాడుక మాత్రం వీధిలోని వారందరిదీ. సొంత ఆస్తికీ, నలుగురి వాడుకకూ నడుమ గీత గీయకుండా వదలిన స్థలం అది.

అరుగు దాటితే తలుపు. పాత అంగడికి రెండు రెక్కల తలుపుకు బదులు నిలువు చెక్క పలకలు ఉండేవి. గడపలోనూ పై కమ్మీలోనూ తొలిచిన గాడిలో పలకలను ఒకదాని తరువాత ఒకటిగా దూర్చి, చివరగా అడ్డంగా ఇనుప పట్టీ వేసి తాళం బిగించేవారు. పలకల వరుస తప్పకుండా వాటి మీద అంకెలు వేసుకొనేవారు. ఉదయం పలకలన్నీ తీసి పక్కన పెడితే అంగడి ముఖమంతా తెరుచుకొనేది. లోపల గద్దె మీద పరుపు, పరుపు పక్కన గల్లాపెట్టె, ఎదుట చిట్టా పుస్తకం. వర్తకుడు నేల మీద కూర్చుని వ్యాపారం చేసేవాడు. అతని చూపు అరుగు మీద కూర్చున్న కొనుగోలుదారుని చూపుకు సమానంగా ఉండేది. కట్టడపు కొలతలు నేల మీద కూర్చునే మనిషిని బట్టి నిర్ణయించబడినవని దీనివల్ల గ్రహించవచ్చు.

ఇక గోడల సంగతి. పలుచని కాల్చిన ఇటుకలను సున్నపు అడుసుతో పేర్చి, రెండు మూడు ఇటుకల మందంతో గోడలు లేపేవారు. సున్నాన్ని, ఇసుకను గుండ్రని గాడిలో పోసి, ఎద్దులు లాగే రాతి చక్రంతో నూరేవారు. దానినే గానుగ సున్నమని, డంగు సున్నమని వ్యవహరించేవారు. అందులో కరక్కాయ నీళ్ళు, బెల్లపు నీళ్ళు కలిపితే పట్టు పెరుగుతుందని మేస్త్రీల అనుభవం. చివరి పూతకు సున్నాన్ని మెత్తగా నూరి, నునుపైన రాయితో రుద్ది అద్దంలా మెరిసేటట్లు చేసేవారు.

పైకప్పు రెండు తీరులు. ఏటవాలు కప్పుకు తొలుత నాటు పెంకులు వాడేవారు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు యంత్రం మీద పెంకులు చేయడం ప్రారంభించిన తరువాత, ఒకదానిలో ఒకటి ఇమిడే ఆ పెంకులు దక్షిణ దేశమంతటా వ్యాపించాయి. మేడ కట్టదలచినవారు మద్రాసు మిద్దె వేయించేవారు. టేకు దూలాల మీద దగ్గర దగ్గరగా చిన్న వాసాలు పరచి, వాటి మీద సన్నని ఇటుకలను అంచు మీద నిలిపి, ఐమూలగా సున్నంతో పేర్చేవారు. దానిపై ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పొరవేసి దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవారు. ఇనుప కడ్డీ లేకుండానే ఆ కప్పు తరాల పాటు నిలిచేది. గోదావరి మీదుగా దిగివచ్చిన మన్యపు టేకు, ఓడల మీద వచ్చిన రంగూన్ టేకు కోస్తా ఆంధ్రలోని కలప అడితీలకు చేరేవి. పిట్టగోడ మీద గచ్చుతో చేసిన లక్ష్మీదేవి, నెమళ్ళు, తీగలు, వాటి నడుమ కట్టిన సంవత్సరం. ఇంతటితో అంగడి ముఖం పూర్తి అయ్యేది.

ఈ కట్టడాల కథలో రాయికి ఉన్న పాత్రను విశేషంగా గమనించాలి. జగ్గయ్యపేట చుట్టుపట్ల నేల సున్నపురాతి నేల. ఆ రాయిని ఈ సీమవారు రెండువేల ఏండ్లకు పూర్వమే ఎరుగుదురు. పట్టణ సమీపంలోని ధనంబోడు వద్ద ఉన్న బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ త్రవ్వించి పరిశీలించాడు. అక్కడ లభించిన సున్నపురాతి ఫలకాల్లో మాంధాత చక్రవర్తి శిల్పం జగద్విఖ్యాతమైనది. చక్రవర్తి చెయ్యెత్తగా ఆకాశం నుండి చతురస్రాకారపు నాణేలు వర్షించే దృశ్యం అందులో ఉన్నది. ఆ ఫలకం నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో భద్రంగా ఉన్నది. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఈ మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయక స్తంభాలు నిలిపినట్లు అక్కడి శాసనం చెబుతున్నది. కట్టడంలో చెయ్యి పెట్టిన పనివాని పేరు రాతి మీద నిలవడం అరుదైన విషయం.

అదే జాతి రాతిని కాల్చితే సున్నం. సుమారు 900 డిగ్రీల వేడిలో సున్నపురాయి తనలోని బొగ్గుపులుసు వాయువును విడిచిపెడుతుంది. మిగిలిన పొడిసున్నం మీద నీళ్ళు పోస్తే ఉడికి తడిసున్నమవుతుంది. గోడకు పూసిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని తిరిగి సున్నపురాయిగా మారుతుంది. అంటే సున్నపు గోడ కట్టిన నాటి కన్నా ఏండ్లు గడిచిన తరువాత మరింత గట్టిపడుతుంది. అందులో సన్నని రంధ్రాలు ఉంటాయి. గోడ వాననీటి తేమను పీల్చుకున్నా, ఎండ రాగానే ఆ రంధ్రాల గుండా బయటికి విడిచివేస్తుంది. పాత మేస్త్రీలు గోడ ఊపిరి పీలుస్తుందనేవారు. ఆ మాటలో అతిశయోక్తి లేదు.

ఆ రాతినే బంకమన్నుతో కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి పొడిచేస్తే సిమెంటు. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ దీనికి పేటెంటు పొందాడు. సిమెంటు నీటితో చేరి గంటల్లో బిగుసుకుంటుంది. సున్నం వలె నెలల తరబడి ఎదురుచూడవలసిన పనిలేదు. జగ్గయ్యపేట సమీపంలోని జయంతిపురంలో 1980లలో పెద్ద సిమెంటు కర్మాగారం వెలసింది. ఈ విధంగా సున్నపురాయి ఒకప్పుడు స్తూపఫలకమై, తరువాత అంగడి గోడలోని సున్నమై, చివరకు సిమెంటు బస్తాగా మారింది. పాత బజారుల రూపును మార్చివేసిన పదార్థం ఈ సీమ గుట్టల నుండే బయలుదేరింది.

అంగడికి మార్పు కొత్త విషయం కాదు. గుడి మారకుండా ఉండడానికి కట్టబడుతుంది, అంగడి మారుతూ ఉండడానికే కట్టబడుతుంది. నాటు పెంకు పోయి మంగుళూరు పెంకు వచ్చింది. టేకు దూలం పక్కన ఇనుప దూలం చేరింది. 1956లో తూనికల, కొలతల చట్టం వచ్చిన తరువాత వీశె, మణుగు రాళ్ళు తొలగి కిలో రాళ్ళు త్రాసు ఎక్కాయి. విద్యుత్తు వచ్చినప్పుడు దూలానికి పంకా వ్రేలాడింది. ఈ మార్పులన్నిటినీ పాత కట్టడం ఇముడ్చుకున్నది. ఎందుకంటే అవి దాని ఎముకల గూటిని కదిలించలేదు.

ఆ పిమ్మట వచ్చిన మార్పుల స్వభావం వేరు. వర్తకుడు గద్దె దిగి బల్ల వెనుక నిలబడ్డాడు. సరుకు గోనె సంచుల్లో నుండి అద్దాల అరల్లోకి ఎక్కింది. కొనేవాడు అరుగు మీద కూర్చోవడానికి బదులు లోపలికి నడిచిరావాలి. అందుకు అరుగు అడ్డమైంది. కొందరు దానిని కొట్టివేసి మెట్లు కట్టారు, కొందరు దాని మీద మరొక చిన్న కొట్టు లేపి అద్దెకిచ్చారు. పలకల స్థానంలో ఇనుప షట్టరు వచ్చింది. పలకలు తీయడానికి పావుగంట పట్టే చోట షట్టరు ఒక్క ఊపులో పైకి లేస్తుంది, దొంగల భయమూ తగ్గుతుంది. వర్తకుని దృష్టిలో ఇది లాభమే. అయితే షట్టరు చుట్టకు చోటు కావలసివచ్చినప్పుడు తలుపు మీది గాలి కిటికీని మూసివేశారు. వేడి గాలి పైనుండి బయటికి పోయే దారి మూతపడింది. ఆ వేడిని పోగొట్టడానికి మరికొన్ని పంకాలు, ఆ తరువాత ఏసీ యంత్రాలు అవసరమైనాయి. ఒక చిన్న కిటికీ మూసిన ఫలితాన్ని విద్యుత్తు బిల్లు ప్రతినెలా గుర్తుచేస్తుంది.

ఇంతకన్నా పెద్ద మార్పు వీధి నుండి వచ్చింది. రోడ్డు పాడైనప్పుడెల్లా పాత పొర తీయకుండానే దానిపై కొత్త పొర వేయడం మన పట్టణాల్లో పరిపాటి. ఒక్కొక్క పొర కొద్ది అంగుళాలే అయినా కొన్ని దశాబ్దాలకు వీధి అంగడి నేలను మించిపోతుంది. ఒకనాడు నీటిని ఆపిన అరుగు క్రమంగా వీధితో సమమై, చివరకు పల్లమవుతుంది. వానకాలంలో వీధినీరు లోపలికి వస్తుంది. దానిని తప్పించుకోవడానికి యజమాని లోపలి నేలను ఎత్తుచేస్తాడు. నేల లేచినకొద్దీ తలుపు ఎత్తు తరుగుతుంది, కప్పు తలకు దగ్గరవుతుంది. ఎత్తయిన కప్పు కోసం కట్టిన ఆ కట్టడం తన గుణాన్ని కోల్పోతుంది.

ఆ తరువాతి దశ రోడ్ల వెడల్పు. ఎడ్లబండి తిరగడానికి చాలిన వీధి లారీకి చాలదు. వాహనాలు పెరిగినకొద్దీ వీధిని వెడల్పు చేయక తప్పదు. మల్కాపురం నుండి నందిగామ వరకు జాతీయ రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించే పని 2012లో పూర్తయింది. ఇటువంటి విస్తరణ ఊరి నడుమ జరిగినచోట కట్టడం ముందరి కొన్ని అడుగులు కొలిచి గీత గీస్తారు. ఆ గీత లోపలే అరుగు, స్తంభాలు, పిట్టగోడ, దాని మీది గచ్చు పని అన్నీ ఉంటాయి. ముఖం పోయిన కట్టడానికి కొత్తగా ఒక సిమెంటు గోడ, ఒక షట్టరు తగిలిస్తారు. వెనుక సగం సున్నపు కట్టడం, ముందు సగం సిమెంటు కట్టడం. రెండు పదార్థాలు వేడికి వ్యాకోచించే తీరులోనూ, బరువుకు కుంగే తీరులోనూ భేదం ఉన్నది. అందువల్ల అవి కలిసినచోట నిలువు పగుళ్ళు పుడతాయి.

కంటికి కనిపించని హాని సిమెంటు పూతది. సున్నపు పూత రాలినచోట మరమ్మతుకు నేడు సులభంగా దొరికేది సిమెంటే. పూత పూసిన కొత్తలో గోడ గట్టిగా, శుభ్రంగా కనిపిస్తుంది. కాని ఎత్తయిన వీధి నుండి పునాదిలోకి ఇంకిన నీరు ఇటుకల గుండా పైకి ప్రాకుతూనే ఉంటుంది. ఒకప్పుడు ఆ తేమ సున్నపు పూత గుండా ఆవిరై పోయేది. సిమెంటు పూత దానిని పోనివ్వదు. తేమ మరింత పైకి ఎగబ్రాకుతుంది. దానితోపాటు వచ్చిన లవణాలు పూత వెనుక స్ఫటికాలై ఇటుకను పొడిపొడి చేస్తాయి. కొన్నేళ్ళకు పూత పెళ్ళలు పెళ్ళలుగా ఊడినప్పుడు గోడే ముసలిదైనదని అందరూ భావిస్తారు. నిజానికి గోడకు వచ్చిన జబ్బు వయసుది కాదు, మందుది.

మరొక మార్పు కుటుంబ చరిత్ర నుండి వస్తుంది. తండ్రి ఒక్క అంగడిగా నడిపిన కట్టడం కొడుకుల కాలానికి రెండు, మూడు భాగాలవుతుంది. పంపకం నిలువునా జరుగుతుంది. ఒకే పిట్టగోడ మీద ఒకే తీగలతను సగం ఆకుపచ్చగా, సగం నీలంగా రంగు వేసి చూపే ముఖాలు ఇందుకు సాక్ష్యం. ఒక సోదరుడు తన భాగాన్ని పడగొట్టి స్లాబు వేయించినప్పుడు ఉమ్మడి గోడకు ఒకవైపు ఆసరా పోతుంది. వర్షానికి ఎన్నడూ తడవని ఆ లోపలి గోడ ఒక్కసారిగా వానకు ఎదురు నిలబడుతుంది. పక్కవాని భాగంలో పగుళ్ళు మొదలవుతాయి. ఉమ్మడి గోడల బజారులో ఒకరి నిర్ణయం ఒకరితో ఆగదు.

ఇన్నిటి నడుమ యజమానిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. అద్దెతో జీవించే కుటుంబానికి కట్టడం జ్ఞాపకచిహ్నం కాదు, జీవనాధారం. సున్నం నూరే గానుగలు కనుమరుగైనాయి. మద్రాసు మిద్దె వేయగల మేస్త్రీలు దొరకడం కష్టం. దూలానికి చెదలు పడితే అంత పొడవు టేకు కొనడం సామాన్యుని తరం కాదు. పాతదానిని నిలపడం కన్నా కొత్తది కట్టడమే చౌక అనిపించే పరిస్థితి ఉన్నప్పుడు పాతదానిని కాపాడమని ఉపదేశించడం సులభం, ఆచరించడం కష్టం.

అయినా అది అసాధ్యం కాదని ఇదే రహదారి వెంట పడమటికి వెళితే హైదరాబాదు నగరం నిరూపిస్తున్నది. 1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన ఘోరమైన వరద తరువాత, 1912లో అక్కడ నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. అది చేపట్టిన పనుల్లో చార్మినారుకు సమీపంలోని పత్తర్‌గట్టి రాతి బజారు ఒకటి. క్రింద అంగళ్ళు, పైన నివాసాలు, ముందు వరుసగా రాతి కమానులు. పాదచారి ఎండ తగలకుండా కమానుల నీడలో నడిచేందుకు వీలు కల్పించారు. మన అరుగు చేసిన పనినే అక్కడ కమానుల నడవ చేసింది.

ఆ నగరంలోనే 1935లో నిర్మితమైన మొజంజాహీ మార్కెట్టు మరింత స్పష్టమైన ఉదాహరణ. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండవ కుమారుడైన మొజంజా పేరు దానికి పెట్టారు. కూడలికి అభిముఖంగా గడియార స్తంభం, దానికి రెండువైపులా చేతులు చాచినట్లు అంగళ్ళ వరుసలు, అంతటా చెక్కిన నల్లసేనపు రాయి దాని ప్రత్యేకత. పండ్ల వ్యాపారానికి ప్రసిద్ధి పొందిన ఆ మార్కెట్టు నుండి 1980లలో టోకు పండ్ల వర్తకం నగరపు అంచుకు తరలిపోయింది. ఏండ్లు గడిచినకొద్దీ రేకుల పందిళ్ళు, తీగల చిక్కులు, ప్రకటన పలకలు రాతి ముఖాన్ని కప్పివేశాయి. కప్పు కారడం మొదలైంది. 2018లో పునరుద్ధరణ చేపట్టి, తరువాత చేర్చిన వాటిని తొలగించి, రాతిని శుభ్రపరచి, కప్పును బాగుచేసి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. అది మ్యూజియంగా మారలేదు. మార్కెట్టుగానే నిలిచింది. అంగడిని కాపాడడమంటే అందులో వ్యాపారం సాగనివ్వడమేనని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

మొజంజాహీ మార్కెట్టు ప్రభుత్వపు ఆస్తి, రాతి కట్టడం. పేటలోని అంగడి సొంత ఆస్తి, ఇటుక కట్టడం. అక్కడి ఖర్చు ఇక్కడ సాధ్యం కాదు. కాని అక్కడి పద్ధతిలో ఇక్కడికి పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి. సున్నపు గోడకు సున్నంతోనే మరమ్మతు చేయాలి. నేడు సిద్ధంగా దొరికే సున్నాన్ని తగిన ఇసుకతో కలిపి వాడినా సిమెంటు పూత కన్నా మేలు. గోడ మొదట నీరు నిలువకుండా కాలువ తీయాలి. రోడ్డు వేసేవారు పాత పొరను గీకి తీసిన తరువాతనే కొత్త పొర వేయాలి. ప్రకటన పలకను పిట్టగోడకు కాక తలుపు కమ్మీకి పైన బిగిస్తే గచ్చు పని, కట్టిన సంవత్సరం కనిపిస్తాయి. లోపలి గోడ తీసి అంగడిని విశాలం చేయదలచినవారు ఆ గోడ ఏ బరువు మోస్తున్నదో ఇంజనీరు చేత చూపించుకోవాలి. పై అంతస్తు వేయదలచినవారికీ ఇదే నియమం. సున్నపు గోడలు తమ కాలపు బరువును ఎరుగును గాని కాంక్రీటు బరువును ఎరుగవు.

కొన్ని కట్టడాలను నిలపడం ఎవరి వల్లా కాదు. అటువంటప్పుడు కూల్చడానికి ముందు కొలతలు వ్రాసి, ఛాయాచిత్రాలు తీసి భద్రపరచడం చేయదగిన పని. పాత టేకు దూలాలు, తలుపు కమ్ములు, పెంకులు మరొక కట్టడంలో తిరిగి ఉపయోగపడతాయి. ఒక కట్టడపు సామగ్రి మరొక కట్టడానికి చేరడం ఈ సీమకు కొత్త కాదు. వేంకటాద్రి నాయుని కాలంలో అమరావతి స్తూపపు దిబ్బను త్రవ్వి తీసిన ఇటుకలు, రాళ్ళు కొత్త పట్టణ నిర్మాణానికి చేరాయి. 1798లో కర్నల్ కాలిన్ మెకంజీ ఆ దిబ్బను దర్శించాడు. ఆయన, ఆయన బృందం వ్రాసిపెట్టిన పటాలు, చిత్రాలు లేకపోతే ఆ మహాస్తూపపు రూపం గురించి మనకు తెలిసినది ఎంతో తగ్గిపోయి ఉండేది. పోయిన రాతిని చిత్రం తిరిగి తేలేదు, కాని అది ఏమిటో తెలియకుండా పోకుండా కాపాడింది.

పాత బజారును చదవదలచిన విద్యార్థి పెద్ద గ్రంథాలు వెదకనవసరం లేదు. తన ఊరి బజారులో ఒక పాత అంగడి ముందు నిలబడి మూడు విషయాలు గమనిస్తే చాలు. వీధికన్నా అంగడి నేల ఎత్తులో ఉన్నదా, పల్లంలో ఉన్నదా? పూత రాలినచోట లోపల కనిపించే పొర తెల్లనిదా, బూడిదరంగుదా? పిట్టగోడ మీద సంవత్సరం కనిపిస్తున్నదా, పలక వెనుక దాగినదా? మొదటి ప్రశ్నకు సమాధానం వీధి చరిత్రను చెబుతుంది. రెండవది గోడ ఆరోగ్యాన్ని తెలుపుతుంది. మూడవది ఆ కట్టడం పట్ల ఊరివారికున్న దృష్టిని తెలుపుతుంది.

ధనంబోడు స్తూపం వద్ద స్తంభాలు నిలిపిన సిద్ధార్థుని పేరు 1,700 ఏండ్లకు పైబడి మిగిలి ఉన్నది. ఆ స్తూపానికి చూపుదూరంలో పేట అంగళ్ళను కట్టిన మేస్త్రీలు, సున్నం నూరిన కూలీలు, దూలాలు చెక్కిన వడ్రంగులు తమ పేర్లు వ్రాసుకోలేదు. వారు మిగిల్చినది గోడలోని పొర ఒక్కటే. దాని మీద మరొక పొర పూయడానికి ముందు ఒకసారి చదివి చూడడం వారికి ఈ తరం చేయగలిగిన గౌరవం.